గురివింద గింజకు అంటిన కులం

తెలుగులో ‘మందు’ అన్నంత మాయదారి మాట మరొకటి లేదేమో. జ్వరం వస్తే వేసుకునేదీ మందే, చేలో పురుగుకు కొట్టేదీ మందే, తుపాకిలో కూరేదీ మందే, బెల్టుషాపు సీసాలో దొరికేదీ మందే. ‘మందు ఇచ్చాడు’ అంటే వైద్యుడు. ‘మందు పెట్టాడు’ అంటే హంతకుడు. మారింది ఒక్క క్రియాపదమే. మా తాత విషయంలో ఆ క్రియాపదాన్ని మార్చింది ఆయన చేసిన పని కాదు, ఆయన పుట్టిన వాడ.

మాది పాలమూరు జిల్లాలో ఒక మెట్ట గ్రామం. తాత మాదిగ. లందలో తోళ్లు పదును చేసేవాడు, మోట బొక్కెనలూ చెప్పులూ కుట్టేవాడు, ఊరి పశువులకు వైద్యం చేసేవాడు. మొదటి రెండు పనులకు ఏడాదికోసారి కల్లంలో ఇంత గింజ కొలిచేవారు. మూడో పనికి లెక్క లేదు. ఎద్దు కాలు విరిగితే నల్లేరు నూరి వెదురు బద్దలతో కట్టు కట్టడం, పురుగు పట్టిన పుండుకు సీతాఫలం ఆకు ముద్ద పెట్టడం, పారుడు పట్టిన దూడకు కరక్కాయ అరగదీసి తాగించడం – ఇవన్నీ ఊరి దృష్టిలో వెట్టిలో భాగమే. ఆయన కూడా అంతకు మించి అనుకోలేదు.

1970ల చివర, నేను ఐదో తరగతిలో ఉండగా, ఊరి పటేలు పాడిబర్రె ఒక సాయంత్రం కడుపుబ్బి, నోట నురుగు కక్కి, చూస్తుండగానే చచ్చిపోయింది. అంతకు రెండు రోజుల క్రితం దాని కొమ్ము మొదట్లో ఉన్న పుండుకు తాతే మందు కట్టాడు. ఊరి తర్కం చాలా సరళమైనది. బర్రె చస్తే తోలు ఎవరికి దక్కుతుంది? మాదిగకు. అయితే చంపింది ఎవరై ఉంటారు?

చావడి ముందు తాతను నిలబెట్టారు. ‘‘ఏమిరా, మందు పెట్టినవా?’’ అన్నాడు పటేలు. ‘‘లేదు పటేలా, పురుగులు పడ్డ పుండుకు సీతాఫలం ఆకు నూరి కట్టిన, అంతే’’ అన్నాడు తాత. సంచి దులిపించారు. నల్లేరు కణుపులు, నాలుగు కరక్కాయలు, గుడ్డ పేలికలో మూటగట్టిన పిడికెడు గురివింద గింజలు. గురివింద విషమని ఊళ్లో అందరికీ తెలుసు. ‘‘మందే అయితే నువ్వు తినురా మరి’’ అన్నారెవరో. తాత ఒక్కో గింజా నోట్లో వేసుకుని, పంటికి తగలనీయకుండా, నీళ్లతో మింగాడు. పదో పన్నెండో మింగించాక వదిలేశారు. ఆ రాత్రి మా అవ్వ దీపం ఆర్పలేదు. తెల్లవారి తాత ఎప్పటిలాగే లేచి లంద దగ్గరకు పోయాడు.

నిర్దోషి అని తేలింది కదా అనుకుంటారు మీరు. ఊరు అలా అనుకోలేదు. విషం తిని బతికాడంటే వీడికి బాణామతి వచ్చునన్నారు. ఆ తర్వాత ఏ ఇంటి పశువు దగ్గరకూ ఆయనను పిలవలేదు. సంచి మా ఇంటి దూలానికి వేలాడింది. చనిపోయేదాకా ఆయన దాన్ని దించలేదు.

ఇప్పుడు నేను డిగ్రీ విద్యార్థులకు వృక్షశాస్త్రం చెబుతాను. తాత ఎందుకు బతికాడో బోర్డు మీద గీసి చెప్పగలను. గురివింద గింజలో ఆబ్రిన్ అనే ప్రొటీన్ ఉంటుంది. అది జీవకణంలోకి చొరబడి, కణం తనకు కావలసిన ప్రొటీన్లు తయారు చేసుకునే యంత్రాంగాన్నే ఆపేస్తుంది. దానికి విరుగుడు ఈనాటికీ లేదు. అయితే గింజ పెంకు రాయిలా ఉంటుంది. పగలకుండా లోపలికి పోతే సాధారణంగా అలాగే బయటికి వచ్చేస్తుంది. నమిలితే, నూరితే, పూసగా గుచ్చడానికి బెజ్జం వేస్తే అదే గింజ ప్రాణం తీస్తుంది. (ఇది చదివి ఎవరూ పరీక్షించి చూడవద్దు. పెంకు ఎక్కడ బీటలువారిందో కంటికి కనిపించదు.) ఈ తేడా తాతకు తెలుసు కాబట్టే పన్ను తగలనీయలేదు. అదే తీగ ఆకు నమిలితే అతిమధురంలా తియ్యగా ఉంటుంది. నోటిపూతకు మా చేత ఆ ఆకే నమిలించేవాడు. ఒకే తీగ. ఆకు ఒకటి చెబుతుంది, గింజ మరొకటి చెబుతుంది.

ఇంతకీ ఆ గింజలు ఆయన సంచిలో ఎందుకున్నాయి? తూకానికి. ముష్టి గింజల వంటి ఘాటు సరుకును ‘ఒక గురివిందంత, రెండు గురివిందలంత’ అని తూచి వాడాలి. ఒక్కో గింజ సుమారు 120 మిల్లీగ్రాములు. నాలుగు ఇళ్ల అవతల కంసాలి పెట్టెలోనూ అవే గింజలు ఉండేవి, బంగారం తూచడానికి. ఆ పెట్టెను ఎవరూ దులిపించలేదు.

మరి బర్రె ఎలా చచ్చింది? ఇది నాకు అర్థమయ్యేసరికి తాత లేడు. ఆ ఏడు వానలు ముఖం చాటేశాయనీ, కోసిన జొన్న మోళ్ల మీద వచ్చిన పిలకలను పటేలు పశువులు మేశాయనీ మా నాయన ఏదో మాటల మధ్య అన్నాడు. దాన్నే రైతులు ‘నాము’ అంటారు. నీటి ఎద్దడికి గురైన లేత జొన్న పిలకలో ధూరిన్ అనే పదార్థం పేరుకుంటుంది. పశువు నమలగానే అందులోంచి సైనైడు విడుదలవుతుంది. కడుపుబ్బరం, నురుగు, వణుకు, గంటలోపు చావు. అన్నీ సరిపోయాయి. విషం పటేలు సొంత చేలోనే మొలిచింది. నేను వెళ్లి చెబుదామనుకునేసరికి పటేలూ లేడు.

పటేలు అనుమానం ఆయన బుర్రలో పుట్టింది కాదు. దాని వెనుక నూరేళ్లకు పైబడిన కాగితాలున్నాయి. 1850లలో వాయవ్య సరిహద్దు కాదు, వాయవ్య పరగణాలు అని పిలిచే ప్రాంతంలో – ఈనాటి ఉత్తరప్రదేశ్‌లో – ఆజంగఢ్ వంటి జిల్లాల్లో తోళ్ల కోసం చమార్లు పశువులకు విషం పెడుతున్నారన్న సిద్ధాంతాన్ని బ్రిటిష్ అధికారులు తలకెత్తుకున్నారు. ఎక్కువగా చెప్పింది పాషాణం గురించి. దాని తర్వాత చెప్పింది గురివింద గురించే: గింజలు నూరి, సూదుల్లా చేసి ఎండబెట్టి, పశువు చర్మంలోకి గుచ్చే ‘సుయి’. ఆ సూది వలస పాలన కాలపు న్యాయవైద్య గ్రంథాలలోకి ఎక్కి, నేటికీ మన వైద్య విద్యార్థుల పరీక్ష ప్రశ్నగా కొనసాగుతోంది. సౌరభ్ మిశ్రా, రామ్‌నారాయణ్ రావత్ వంటి చరిత్రకారులు ఆ పాత ఫైళ్లను తిరగేసి రాశారు. చమార్లలో అత్యధికులు తోలు పని వారు కాదు, సేద్యం చేసేవారూ వ్యవసాయ కూలీలూ అని రావత్ 2011లో వచ్చిన తన పుస్తకంలో చూపించాడు. కానీ పాలకుల కంటికి చమార్ అంటే తోలు, తోలు అంటే విషం.

ఎక్కడా ఒక్క పశువుకైనా ఎవరూ విషం పెట్టలేదని నేను అనను. దొంగలు అన్ని కులాల్లో ఉన్నట్టే విషం పెట్టేవారూ ఉంటారు. నా అభ్యంతరం, ఒక నేరాన్ని ఒక కులానికి వృత్తిగా రాసిపెట్టడం మీద. ఆ కాలంలో దేశంలో పశువులను మందలు మందలుగా తుడిచిపెట్టింది ముసర వ్యాధి, అంటే రిండర్‌పెస్ట్. ఆ తెగుళ్ల మీద ప్రభుత్వం వేసిన కమిషన్ నివేదిక 1871లో గాని రాలేదు. రిండర్‌పెస్ట్‌లోనూ పశువు పారుకుని పారుకునే చస్తుంది, పాషాణం తిన్నా అలాగే చస్తుంది. ప్రయోగశాల లేని చోట, పశువైద్యుడు లేని చోట, రెంటికీ తేడా తేల్చింది ఏమిటి? కళేబరం ఎవరికి దక్కుతుందన్న ఒక్క సంగతే. గురివింద తన కింది నలుపు ఎరగదంటారు. చచ్చిన గొడ్డును మోసుకుపోవడమే వీడి ధర్మమని శాసించిన సమాజం, ఆ మోసుకుపోవడాన్నే నేరానికి సాక్ష్యంగా చూపించింది.

తాత వైద్యం ఎక్కడ నేర్చాడని విద్యార్థులు అడుగుతారు. అడవిలో అని వారికి చెప్పాలనిపిస్తుంది, వినడానికి బాగుంటుంది. కానీ ఆయన నేర్చింది లందలో. తోలు కుళ్లకుండా నిలవాలంటే చెట్ల చెక్కలోని వగరు కావాలి. తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయ – ఏది ఎంత కాలం నానాలి, ఏ తోలుకు ఏది పడుతుంది అన్నది తరతరాలుగా వాసన చూసి, నాలుకతో తాకి తెలుసుకున్న జ్ఞానం. ఆ వగరును రసాయనశాస్త్రం టానిన్ అంటుంది. టానిన్ ప్రొటీన్‌ను పట్టి బిగిస్తుంది. లందలో తోలును బిగించేదీ, చిగుళ్ల నెత్తురు ఆపేదీ, దూడ పారుడును కట్టేదీ ఒకటే గుణం. కరక్కాయ త్రిఫలచూర్ణం డబ్బాలోకి వెళితే హరీతకి అవుతుంది, పూజ్యమవుతుంది. అదే కాయ లందలో నానితే దాన్ని ముట్టిన చెయ్యి అంటరానిదవుతుంది. తంగేడు పువ్వు బతుకమ్మ మీద కూర్చుంటుంది, తెలంగాణకు రాష్ట్ర పుష్పం కూడా. తంగేడు చెక్క గురించి ఏ ప్రభుత్వ ప్రకటనలోనూ నేను చదవలేదు.

మన ప్రాచీన వైద్య గ్రంథాలు ఈ విషయంలో మనం అనుకున్నంత శుద్ధంగా లేవు. అది వాటి గొప్పతనం. ఓషధుల పేర్లూ రూపాలూ తెలిసినవారు మేకల కాపరులు, గొర్రెల కాపరులు, గోపాలకులు, వనవాసులు అని చరకసంహిత సూత్రస్థానం మొదటి అధ్యాయమే ఒప్పుకుంటుంది. తెలియని మందు విషంతో సమానమనీ, తీవ్రమైన విషం కూడా యుక్తిగా వాడితే ఉత్తమ ఔషధమనీ అక్కడే చెబుతుంది. అయితే పేరూ రూపమూ తెలిసినంత మాత్రాన సరిపోదు, ప్రయోగం తెలిసినవాడే వైద్యుడు అని వెంటనే ఒక గీత గీస్తుంది. కాపరి దగ్గర పేరు తీసుకుని, ప్రయోగం తనదని చెప్పుకోవడం అక్కడే మొదలైందా అని నాకొక అనుమానం. సుశ్రుతుడు కోత నేర్చుకునే శిష్యుణ్ణి నీళ్లు నింపిన తోలు సంచుల మీద, చచ్చిన పశువుల నరాల మీద సాధన చేయమంటాడు. ఆ సంచులు ఎవరు కుట్టి ఇచ్చి ఉంటారు? శిష్యుడిగా మాత్రం మొదటి మూడు వర్ణాల వారినే తీసుకోమంటాడు. శూద్రుడికైతే మంత్రమూ ఉపనయనమూ లేకుండా చెప్పవచ్చునని కొందరి అభిప్రాయమని ఒక మాట కలుపుతాడు. ఆపైన ఉన్నవారి సంగతి సరే, అవర్ణుల ఊసే లేదు.

ధర్మశాస్త్రానికి ఈ వైద్యుడు కూడా సరిపోలేదు. వైద్యుడి అన్నం చీముతో సమానమని మనుస్మృతి అంటుంది. శ్రాద్ధంలో అతణ్ణి పంక్తిలో కూర్చోబెట్టరాదంటుంది. రోగి శరీరాన్ని ముట్టినవాడు, అందరినీ ముట్టినవాడు శుద్ధుడు కాలేడు. దేవీప్రసాద్ చట్టోపాధ్యాయ ప్రాచీన భారత విజ్ఞానంపై 1977లో రాసిన పుస్తకానికి ఈ వైరుధ్యమే ఇరుసు. ముట్టుకోకుండా వైద్యం లేదు, ముట్టుకుంటే కులం లేదు. మంగలి కత్తీ, మంత్రసాని చెయ్యీ, తాత సంచీ అన్నీ ఆ ఇరుకులోనే నలిగాయి.

చరిత్రలో ఒక్కసారి ఈ వరుస తిరగబడిన సందర్భం నాకు తెలుసు. డచ్చివారి మలబారు కమాండరు వాన్ రీడ్ కేరళ మొక్కల మీద ‘హోర్తుస్ మలబారికుస్’ అనే గ్రంథాన్ని తయారు చేయించాడు. 1678 నుంచి 1693 వరకు ఆమ్‌స్టర్‌డామ్‌లో 12 సంపుటాలుగా వెలువడింది. ఏడు వందలకు పైగా మొక్కలు. అందులో పనిచేసిన ఈళవ వైద్యుడు ఇట్టి అచ్యుతన్ 1675లో తన లిపిలో, తన పేరుతో రాసిచ్చిన ధ్రువపత్రం మొదటి సంపుటంలోనే అచ్చయింది. దాని పక్కన ముగ్గురు కొంకణి బ్రాహ్మణ పండితుల పత్రమూ ఉంది. వారు నిఘంటువు చూసి చెప్పారు. ఆయన తన ఇంటి తాళపత్రాలు, తన చేతి అనుభవం చూసి చెప్పాడు. ఈళవుడు దూరం పాటించి నడవవలసిన నేల అది. ఆ నేల మీద పుట్టిన మనిషి పేరు, సంతకంతో సహా, ఒక శాస్త్ర గ్రంథంలో నిలిచింది. దాన్ని అచ్చు వేసినవాడు వ్యాపారం కోసమే వేశాడని నాకు తెలుసు. అయినా పేరు రాశాడు.

మనం పేర్లు రాసే పద్ధతి చూద్దాం. పసుపు మీద అమెరికాలో ఇచ్చిన పేటెంటు 1997లో రద్దయిన తర్వాత, మన జ్ఞానాన్ని కాపాడుకోవడానికి కేంద్రం సంప్రదాయ జ్ఞాన డిజిటల్ గ్రంథాలయాన్ని నిర్మించింది. మంచి పనే. అందులోకి ఎక్కేది ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాలలో రాసి ఉన్నది. రాయని జ్ఞానానికి 2002 నాటి జీవవైవిధ్య చట్టం కింద ఊరూరా ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు పెట్టాలన్నారు. మొక్కలను వాడుకుని లాభం పొందే సంస్థలు స్థానికులకు వాటా ఇవ్వాలన్నారు. స్వదేశీ సంస్థలకు కూడా ఇది వర్తిస్తుందని 2018లో ఉత్తరాఖండ్ హైకోర్టు దివ్య ఫార్మసీ కేసులో తేల్చింది. 2023లో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. గ్రంథస్థమైన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవారికి వాటా బాధ్యత నుంచి మినహాయింపు దొరికింది.

గ్రంథస్థం. ఈ ఒక్క మాట దగ్గర మనం ఆగాలి. చదువు నిషేధించిన వారి జ్ఞానం గ్రంథంలో ఎందుకుంటుంది? ఉంటే, కాపరి నుంచి పండితుడికి చేరిన తర్వాతే ఉంటుంది. అప్పుడు అది గ్రంథానిది, అందరిదీ, వాటా అక్కరలేనిది. గ్రంథంలో లేకపోతే రుజువు లేదు. కరక్కాయ మీద మా తాతకు హక్కుందని నేను వాదించడం లేదు. ఒక జ్ఞానం ఎవరిదో తేల్చే కొలబద్దను గ్రంథం చేతికిచ్చినప్పుడు, ఆ గ్రంథం ఎవరి చేతిలో ఉండేదో అడగాలి కదా అంటున్నాను. కేరళలో కాణి ఆదివాసులు చూపించిన ఆరోగ్యపచ్చ మొక్క నుంచి ‘జీవని’ తయారైనప్పుడు, తిరువనంతపురంలోని ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ తనకు వచ్చిన లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణి ట్రస్టుకు ఇచ్చింది. ఆ ఏర్పాటులో లోపాలు లేకపోలేదు. కాణి సమూహాలన్నింటినీ అడగలేదన్న ఫిర్యాదూ ఉంది. అయినా దారి చూపినవారిని దారి చూపినవారనే రాసుకున్నారు.

నన్ను నాటువైద్యం భక్తుడిగా పొరబడవద్దు. కామెర్లకు పసరు పోయించుకుని ఆసుపత్రికి ఆలస్యంగా చేరినవారిని మా వాడలోనే చూశాను. గాడిదగడపాకు మా వైపు కడుపులో పురుగులకు వాడేవారు. ఆ జాతి మొక్కల్లో ఉండే అరిస్టొలోకిక్ ఆమ్లం మూత్రపిండాలను దెబ్బతీస్తుంది, క్యాన్సర్ తెస్తుంది. 1990ల తొలినాళ్లలో బెల్జియంలో బరువు తగ్గే మందులో అది కలిసి సుమారు వందమంది స్త్రీల మూత్రపిండాలు పాడయ్యాయి. తాత చెప్పినదైనా, చరకుడు చెప్పినదైనా, ప్రయోగశాల గడప తొక్కాల్సిందే. కానీ చూడండి: గురివింద, ముష్టి, ఉమ్మెత్త, గన్నేరు – ఇవన్నీ ఔషధ చట్టం నిబంధనల్లో ఆయుర్వేద విషద్రవ్యాల జాబితాలో ఉన్నాయి. లైసెన్సు ఉన్న కంపెనీ వాటితో మందు చేసి, వైద్యుని పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ముద్రించి అమ్ముకోవచ్చు. విషం ఉన్నంత మాత్రాన ఆ కంపెనీని ఎవరూ చావడి ముందు నిలబెట్టరు.

పోయిన ఏడాది మా ఊరి జీవవైవిధ్య రిజిస్టరు చూడటానికి వెళ్లాను. గురివింద ఉంది. ఉపయోగం: ‘ఆభరణాలు, తూకం’. చెప్పినవారు: ‘గ్రామస్తులు’. నల్లేరు ఉంది, అక్కడా గ్రామస్తులే. మా తాత పేరు రాయవచ్చా అని అడిగితే, రాసే కుర్రాడు మర్యాదగానే, ‘‘బతికున్నవాళ్లవే రాయాలి సార్, ఫోన్ నంబరు కూడా కావాలి’’ అన్నాడు.

బతికున్నవారిలో మా మేనత్త ఉంది. తాత చెయ్యి ఆమెకు వచ్చింది. ఎనభై దాటినా నల్లేరు కట్టు ఇప్పటికీ ఆమెలా కట్టేవారు ఆ చుట్టుపక్కల లేరు. ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని రిజిస్టరు గురించి చెప్పాను. సర్కారు పుస్తకంలో నీ పేరు ఎక్కుతుందత్తా, ఏ చెట్టు దేనికి వాడతావో చెప్పు, నేనే రాయించుకొస్తాను అన్నాను. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది:

‘‘నా పేరెందుకు కొడుకా. రేపు ఎవరి బర్రెనన్న సస్తే?’’